మైనస్ ఒకటిన్నర

నోయిడా, సెక్టార్ 27
20 సెప్టెంబర్ 2009

వీణ గారికి,

నమస్కారం. సాకేత్ రాస్తున్నది. ఏ సాకేత్ అని అడగరనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. ఆగస్టులో ఒక ఆదివారం ఆర్.కె. పురంలో మీ బాబాయి గారి క్వార్టర్స్‌కి మా మావయ్యతో వచ్చి, మీరిచ్చిన కాఫీ తాగి, సరిగ్గా రెండు మాటలు కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయినవాణ్ణి. మొన్న కాకినాడలో పెద్దవాళ్ళు తాంబూలాలు మార్చుకున్నారు కాబట్టి ఇప్పుడు కాస్త ధైర్యంగా రాస్తున్నాను.

మీ బామ్మ జానకమ్మ గారు పెట్టిన షరతు మా అమ్మ ఫోన్లో యథాతథంగా వినిపించింది. "ఇద్దరూ ఢిల్లీలోనే ఏడిశారు కదా అని చెట్టపట్టాలేసుకుని తిరగడానికి వీల్లేదు. లగ్నపత్రిక రాసుకునేదాకా కలుసుకోవడాలూ లేవు, ఫోన్లూ లేవు. కావలిస్తే ఉత్తరాలు రాసుకోమనండి." ఈమెయిల్ మాట ఆవిడ ఎత్తలేదు. దాని సంగతి తెలియదు గనక ఎత్తలేదు. ఆవిడకి తెలియని దారిలో వెళ్ళడం మోసం అనిపించి కాగితం, కలం కొన్నాను. చేత్తో తెలుగు రాసి ఎనిమిదేళ్ళయింది. అక్షరాలు వంకరపోతే క్షమించండి.

నేను రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతూ ఉంటాను. మీరు సివిల్స్‌కి రోజుకి పన్నెండు గంటలు చదువుతారని విన్నాను. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఉంటే తిండి ఎలా? జవాబు రాస్తారని ఆశ.

ఇట్లు,
సాకేత్


ఓల్డ్ రాజిందర్ నగర్
27 సెప్టెంబర్ 2009

సాకేత్ గారికి,

నమస్కారాలు. ఏ సాకేత్ అని అడుగుదామనే అనుకున్నాను, కానీ ఈమధ్య నా చేతి కాఫీ తాగిన సాకేత్‌లు ఇంకెవరూ లేరు.

తిండి సంగతి అడిగారు. మెస్సులో రోజూ రాజ్మా. శనివారం మాత్రం కఢీ అనే ఇక్కడి మజ్జిగపులుసు. నా రూమ్‌మేట్ చాందిని ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నేను తెలుగులో అడుగుతాను, తను హిందీలో చెబుతుంది. మా ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి మాత్రం తెలుగులోనే తింటుంది.

ఉత్తరాలు రాసుకోమన్నందుకు బామ్మ మీద నాకేమీ కోపం లేదు. ఫోనయితే వెంటనే జవాబు చెప్పాలి. ఉత్తరమయితే ఆలోచించుకోవచ్చు, చింపేసి మళ్ళీ రాయొచ్చు. ఇది మూడోసారి రాసింది.

మీ అక్షరాలు వంకరగా ఏమీ లేవు.

వీణ


నోయిడా
8 అక్టోబర్ 2009

వీణ గారికి,

మీ ఉత్తరం చదవడానికి ఆఫీసులో ఒకరి దగ్గర భూతద్దం అడగాల్సొచ్చింది. నిజంగానే. అంత చిన్న అక్షరాలు ఎవరైనా రాస్తారా? ఆవగింజలు పోసినట్టున్నాయి. పరీక్షల్లో దిద్దేవాళ్ళ మీద కాస్త దయ ఉంచండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు చదువుకునేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటారనీ, చిన్న నంబరేననీ మీ పిన్ని అనసూయ గారు మా అమ్మతో అన్నారట. ఈమధ్య కళ్ళద్దాలు కూడా ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. మా టీములో ఇద్దరు తెప్పించుకున్నారు. ఫ్రేమ్ ఎంచుకుని, నంబరు టైపు చేస్తే అద్దాలు చేసి కొరియర్‌లో పంపిస్తారు. మీకొకటి కొనాలని ఉంది. చీరలు, నగలు పెద్దవాళ్ళే చూసుకుంటారు. నా అంతట నేను ఎంచి ఇచ్చేది ఒక్కటైనా ఉండాలి కదా.

ఎందుకు కళ్ళద్దాలే అంటారా? పెళ్ళిలో పురోహితుడు అరుంధతి నక్షత్రం చూపించమంటాడు. మా అక్క పెళ్ళిలో అక్కకీ, బావకీ ఇద్దరికీ ఏమీ కనబడలేదు. అయినా "కనబడింది" అన్నారు. పట్టపగలు పదకొండింటి ముహూర్తం మరి. మన ముహూర్తం మాఘమాసంలో రాత్రిపూట అంటున్నారు. మీరు నిజంగా చూసి చెబితే బావుంటుంది.

వాళ్ళ ఫారంలో రెండు కళ్ళ నంబర్లు, ఇంకా రెండు కంటిపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో అడిగారు. ఆ దూరం డాక్టర్లు చీటీ మీద రాయరట. స్కేలు పెట్టి ఎవరిచేతనైనా కొలిపించండి. ఫ్రేమ్ నేను ఎంచేశాను, రంగు చెప్పను.

సాకేత్


ఓల్డ్ రాజిందర్ నగర్
15 అక్టోబర్ 2009

సాకేత్ గారికి,

మీకెందుకండీ శ్రమ. నాకు కళ్ళద్దాలు ఉన్నాయి. ఇంకో జత అవసరం కూడా లేదు. వద్దంటే మీరు ఊరుకునేలా లేరు కాబట్టి రాస్తున్నాను.

నంబరు పిన్ని చెప్పిందే. రెండు కళ్ళకీ మైనస్ ఒకటిన్నర.

కంటిపాపల మధ్య దూరం అరవై ఒక్క మిల్లీమీటర్లు. చాందిని నా ముక్కు మీద స్కేలు ఆనించి, "దీదీ, హిలో మత్" అని నన్ను కదలనివ్వకుండా మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అదే వచ్చింది. దీనికి మాత్రం నేను పూచీ.

దీపావళికి ఇక్కడ గదులన్నీ ఖాళీ అయిపోతున్నాయి. నేను ఇక్కడే ఉంటాను. ఆధునిక భారత చరిత్ర ఇంకా సగం మిగిలింది.

వీణ


నోయిడా
26 అక్టోబర్ 2009

వీణా,

'గారు' తీసేశాను. నీకు అభ్యంతరమైతే వచ్చే ఉత్తరంలో తిట్టు, మళ్ళీ పెట్టేస్తాను.

ఆర్డర్ పెట్టేశాను. పన్నెండు రోజుల్లో నీ గది అడ్రసుకి వస్తుంది. టైపు చేసేటప్పుడు మైనస్ బదులు ప్లస్ నొక్కి ఉంటానేమోనని మూడుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.

ఒక సంగతి చెప్పాలని చాలా రోజుల నుంచీ అనుకుంటున్నాను. నా ఎడమ చెంప సంగతి. నాలుగేళ్ళప్పుడు గంజి వారుస్తున్న అమ్మ వెనకాలగా పరిగెత్తుకెళ్ళి గిన్నె మీద పడ్డాను. చెవి కింద నుంచి గడ్డం దాకా కాలింది. నీకు తెలియనిదేమీ కాదు, చూశావు కదా. కానీ నీకంటే ముందు రెండు సంబంధాలు చూశాం. ఒకమ్మాయి నన్ను చూడగానే చూపు గచ్చు మీదకి దించుకుని, మేము లేచేదాకా మళ్ళీ ఎత్తలేదు. ఇంకో అమ్మాయి మర్యాదకి నా భుజం వైపు చూస్తూ మాట్లాడింది. వాళ్ళ తప్పనను. నువ్వు మాత్రం కాఫీ ట్రేతో వచ్చి, ముందు మా మావయ్యకి ఇచ్చి, తర్వాత నా ఎదురుగా నిలబడి సూటిగా నా మొహంలోకి చూశావు. చూపు తిప్పలేదు, జాలి పడలేదు. ఏమీ లేనట్టే చూశావు. బయటికొచ్చి మెట్లు దిగుతూ మావయ్యతో అన్నాను, "ఈ అమ్మాయి ఒప్పుకుంటే చాలు మావయ్యా, ఇంకేం అడక్కు" అని.

ఇది నీకు చెప్పకుండా పెళ్ళి చేసుకోవడం నాకిష్టం లేకపోయింది. అందుకే రాశాను.

నీ
సాకేత్


ఓల్డ్ రాజిందర్ నగర్
10 నవంబర్ 2009

సాకేత్ గారికి,

'గారు' తీసేసినందుకు తిట్టను. నేను మాత్రం తీయలేను, అలవాటయ్యేదాకా ఆగండి.

కళ్ళద్దాలు శనివారం వచ్చాయి. ఫ్రేమ్ చాలా బావుంది. ముదురు వంకాయరంగు నాకు నచ్చుతుందని మీకెలా తెలిసిందో. సన్నగా, తేలిగ్గా, పెట్టుకున్నట్టే లేదు. చాందిని ఫొటో తీసి, "ఏక్‌దమ్ కలెక్టర్ మేడమ్" అంది. మెట్లు దిగేటప్పుడు కొంచెం కొత్తగా ఉంది, కొత్త అద్దాలతో ఎవరికైనా అంతేగా.

మీ చెంప గురించి రాసింది చదివాను. చాలాసార్లు చదివాను. దానికి జవాబు రాయాలని కూర్చుంటే చెయ్యి రావడం లేదు. కొన్నాళ్ళు ఆగి రాస్తాను, ఏమీ అనుకోకండి. ఆ ఉత్తరం జాగ్రత్తగా దాచుకున్నాను.

ఇరవై రెండో తేదీ ఆదివారం బాబాయి వాళ్ళింటికి వెళుతున్నాను. కొత్త కళ్ళద్దాలు చూపించమని పిన్ని ఒకటే గోల. పదింటికి రాజేంద్ర ప్లేస్‌లో మెట్రో ఎక్కి రాజీవ్ చౌక్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు పట్టుకుంటాను. మీ నోయిడాకి కూడా మెట్రో వస్తోందట కదా.

వీణ


నోయిడా
23 నవంబర్ 2009

వీణ గారికి,

మెట్రో వచ్చింది. నిన్న దాంట్లోనే రాజీవ్ చౌక్ వచ్చాను.

మీ బామ్మ గారు కలుసుకోవద్దన్నారు, చూడొద్దనలేదు. అలా నాకు నేను సర్దిచెప్పుకుని, పదింటికల్లా ప్లాట్‌ఫాం మీద స్తంభం పక్కన నిలబడ్డాను. పలకరించాలని కాదు. ఒక్కసారి మీరు చూసి నవ్వితే తిరుగు బండి ఎక్కేద్దామనుకున్నాను.

మూడో బండిలో మీరు దిగారు. నేను కొన్న కళ్ళద్దాలు పెట్టుకున్నారు. అది చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మీరు నా వైపే వచ్చారు. మన మధ్య ఆరడుగులు కూడా లేవు. నా మొహంలోకి చూశారు. నేను నవ్వాను, చెయ్యి కూడా ఎత్తాను. మీరు నవ్వలేదు. చూపు తిప్పుకుని, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

గుర్తుపట్టలేదనుకుందామంటే, ఇలాంటి చెంప ఉన్నవాణ్ణి గుర్తుపట్టకపోవడం కష్టం. కాబట్టి నాకు ఒకటే తోస్తోంది. ఆ రోజు పెద్దవాళ్ళ ఎదుట చూడగలిగింది నిన్న నలుగురిలో చూడలేకపోయి ఉంటారు. మొన్న మీరు చెంప గురించి జవాబు రాయకపోవడం కూడా అందుకేనేమో.

మీరు మనసు మార్చుకుంటే నేను తప్పు పట్టను. నాకు చెప్పండి చాలు.

సాకేత్


ఓల్డ్ రాజిందర్ నగర్
27 నవంబర్ 2009

సాకేత్ గారికి,

మీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఇది చింపి మళ్ళీ రాయను. ఎలా వస్తే అలా పంపిస్తాను.

ఆదివారం నేను మిమ్మల్ని చూడలేదు. చూసి తప్పించుకోలేదు. నాకు కనబడలేదు.

నా నంబరు మైనస్ ఒకటిన్నర కాదు. కుడి కన్ను మైనస్ ఎనిమిదిన్నర, ఎడమ కన్ను మైనస్ తొమ్మిది. ఆరో తరగతి నుంచీ సోడాబుడ్డి అని పిలిపించుకున్నాను. పెళ్ళిళ్ళ మాట వచ్చేసరికి ఇంట్లో అందరూ కలిసి నా నంబరు తగ్గించేశారు. మొదట పిన్ని రెండున్నర అంది, మీ అమ్మగారితో మాట్లాడేసరికి ఒకటిన్నర అయింది. మీరు నంబరు అడిగినప్పుడు నిజం రాద్దామని కూర్చున్నాను. రాస్తే పిన్ని అబద్ధమాడినట్టు అవుతుంది. ఆవిడ నాకోసమే ఆడింది. అంతకంటే ఎక్కువగా, మీరు ఏమనుకుంటారోనని భయం వేసింది. డాక్టరయితే కళ్ళు చూస్తాడు. మీ ఇంటర్నెట్ దుకాణానికి నేను ఏది చెబితే అదే నంబరు. అందుకే అబద్ధం అంత తేలిగ్గా ఆడగలిగాను. ఆ ఫారంలో నేను చెప్పిన నిజం అరవై ఒకటి ఒక్కటే.

అద్దాలు వచ్చాక ఆ ఫ్రేమ్‌లో నా నంబరు అద్దాలు వేయిద్దామని కరోల్‌బాగ్‌లో ఒక కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన నా చీటీ చూసి, ఫ్రేమ్ చూసి, "నహీఁ బైఠేగా మేడమ్" అన్నాడు. నా అద్దాల అంచు మందం ఆ సన్నని ఫ్రేమ్‌లో పట్టదట. అయినా మీరు కొన్నవి పెట్టుకుని ఒక్కరోజయినా తిరగాలనిపించింది. పాతవి సంచిలో వేసుకుని, ఎప్పుడూ వెళ్ళే దారే కదా అని బయల్దేరాను. రాజీవ్ చౌక్‌లో నాకు రంగులు కనబడ్డాయి, మనుషులు కనబడలేదు. మీరు నిలబడిన చోట ఏదో నీలంగా ఉంది. స్తంభానికి అంటించిన ప్రకటన అనుకుని పక్కకి తప్పుకున్నాను.

ఇక అన్నిటికంటే కష్టమైనది. మీరు ఇన్నాళ్ళూ దాచుకున్న ఆ చూపు సంగతి.

ఆ రోజు వంటింటి గుమ్మం దగ్గర పిన్ని నా మొహం మీద నుంచి కళ్ళద్దాలు తీసి ఫ్రిజ్ మీద పెట్టేసింది. "ఎనిమిదడుగులెయ్యి, తివాచీ అంచు కాలికి తగుల్తుంది, అక్కడ ఎడంపక్క సోఫాలో అబ్బాయి" అని చెప్పింది. నేను కుడిపక్కకి వెళ్ళి మీ మావయ్య గారికి ఇచ్చాను. ఆయన "అబ్బాయికివ్వమ్మా" అంటే గొంతు వచ్చిన దిక్కు నుంచి ఎడంపక్కకి తిరిగాను. మీ మొహం ఉండాల్సిన చోటు అంచనా వేసి అక్కడే చూశాను. సూటిగా చూశానంటే అందుకే చూశాను. నాకు కనిపించింది ఒక చొక్కా, దాని పైన ఒక మొహం ఉన్న జాడ. ఆ తర్వాత, పెళ్ళిచూపులకని వచ్చిన మా అమ్మ, "చెంప మీద చిన్న మచ్చ ఉందే, అంతే" అంది. నచ్చాడా అంటే నచ్చాడన్నాను. మీ గొంతు నచ్చింది. వెళుతూ మా బాబాయి చెప్పులు కాలితో పక్కకి నెట్టకుండా దాటి వెళ్ళారని పిన్ని చెప్పింది, అది నచ్చింది. మీ మొహం నేను ఇంతవరకూ చూడలేదు. మీరు పంపిన ఫొటోలో కుడివైపే ఉంది.

మీ ఉత్తరం చదివాక ఇది చెప్పకపోతే నేను దొంగని. చెబితే మీకున్న ఒక్క మంచి జ్ఞాపకం నేనే పాడుచేసినదాన్ని. అందుకే ఇన్నాళ్ళూ చెయ్యి రాలేదు.

నా అక్షరాలు ఎందుకంత చిన్నవో ఇప్పుడు తెలిసిందిగా. అద్దాలు తీసేసి, కాగితానికి ముక్కు ఆనించి రాస్తాను. అంత దగ్గరైతే నాకు అన్నీ కనబడతాయి.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

వీణ


నోయిడా
14 డిసెంబర్ 2009

వీణ గారికి,

మీ ఉత్తరం వచ్చి రెండు వారాలయింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు మీరు ఏమేం ఊహించుకుని ఉంటారో నాకు తెలుసు. అందులో చాలావరకు నిజమే.

మొదటి రోజు అమ్మకి ఫోన్ చేసి వద్దని చెప్పేద్దామనుకున్నాను. నంబరుకి కాదు. మైనస్ తొమ్మిదయితే నాకేం, పంతొమ్మిదయితే నాకేం. ఆ చూపు పోయిందని. ఆ చూపు తలుచుకుని నేను ఈ నాలుగు నెలలూ అద్దం ముందు కాస్త తల ఎత్తుకుని నిలబడ్డాను. ఇప్పుడు అది నా వైపు చూసిన చూపు కాదంటే ఏం చెయ్యను? మీ మీద చాలా కోపం వచ్చింది.

తర్వాత నా ఫొటో సంగతి గుర్తొచ్చింది. స్టూడియోలో ఫొటోగ్రాఫరు ఏమీ అనకముందే నేనే కుడి చెంప కెమెరా వైపు ఉండేలా తిరిగి కూర్చున్నాను. ఎవరూ చెప్పలేదు. మీ పిన్ని గారు మీ కళ్ళద్దాలు ఫ్రిజ్ మీద పెడితే, నేను నా చెంపని ఫొటో వెనకాల పెట్టాను. మీరు మైనస్ ఒకటిన్నర, నేను చిన్న మచ్చ. ఇద్దరం సమానమే అనుకుంటే కోపం కొంత దిగింది. మొత్తం దిగిందని చెప్పను.

కానీ చూడకుండా ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు కాదు. దాంతో పెళ్ళి పీటల మీద కూర్చోవడం నావల్ల కాదు. కాబట్టి ఇలా చేద్దాం. ఇరవయ్యో తేదీ ఆదివారం, పదిన్నరకి, అదే ప్లాట్‌ఫాం, అదే స్తంభం. మీ పాత కళ్ళద్దాలు పెట్టుకుని రండి. నేను ఎడమ చెంప మీ వైపు ఉండేలా నిలబడతాను. చూడండి. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడండి. పలకరించొద్దు, నేనూ పలకరించను. బామ్మ గారి మాట అలా నిలబడుతుంది. ఎదురుగా ఉంటే మీరు మొహమాటానికి పోతారు, అది నాకొద్దు. ఇంటికెళ్ళి ఉత్తరం రాయండి.

కాదనుకుంటే ఒక్క ముక్క రాస్తే చాలు. జాతకాల్లో ఏదో తేడా కనబడిందని మావయ్య చేత చెప్పిస్తాను. మీ కళ్ళ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియనివ్వను.

సాకేత్


ఓల్డ్ రాజిందర్ నగర్
20 డిసెంబర్ 2009, సాయంత్రం

సాకేత్ గారికి,

గదికి రాగానే రాస్తున్నాను. చాందిని "క్యా హువా దీదీ" అని మూడుసార్లు అడిగింది. ఇది రాశాక చెబుతానన్నాను.

మీరు నా సోడాబుడ్లు చూసే ఉంటారు. వాటి వెనకాల నా కళ్ళు చింతగింజలంత కనబడతాయని నాకు తెలుసు. బండి దిగగానే అలవాటు కొద్దీ వాటిని తీసేయాలని చెయ్యి పైకి లేచింది. దించేసుకున్నాను.

మీరు మొహమాటం వద్దన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. అమ్మ చెప్పినంత చిన్న మచ్చ కాదు. చెవి తమ్మె దగ్గర మొదలై గడ్డం మూల దాకా ఉంది. చర్మం అక్కడక్కడ మీగడ కట్టినట్టు ముడతలు పడి, మధ్యలో నున్నగా మెరుస్తోంది. మొదట చూడగానే నా చూపు పక్కకి పోయింది. ఒక్క క్షణమే, కానీ పోయింది. మీరు గమనించారో లేదో, మీరు అటు తిరిగి ఉన్నారు. నాకు నామీదే కోపం వచ్చింది. మళ్ళీ చూశాను. అప్పుడు ఇంక తిప్పుకోవాలనిపించలేదు. నాలుగేళ్ళ పిల్లాడికి ఎంత మండి ఉంటుందోనని ఏడుపు వచ్చింది. అద్దాలకి ఆవిరి పట్టింది, తుడుచుకుని మళ్ళీ చూశాను. మూడు బండ్లు వచ్చి వెళ్ళాయి. మీరు కదల్లేదు. మీ చేతులు మాత్రం జేబుల్లోకి వెళ్ళడం, బయటికి రావడం, అది కూడా చూశాను.

ఆగస్టులో ఇచ్చిన జవాబు చూడకుండా ఇచ్చింది. ఈ రోజు చూసి చెబుతున్నాను. నాకు మీరు కావాలి. మావయ్య గారిని జాతకాల జోలికి వెళ్ళొద్దనండి.

స్టేషన్ నుంచి బాబాయి వాళ్ళింటికి వెళ్ళి పిన్నికి కూడా ఈ రోజే చెప్పేశాను, నా నంబరు మీకు తెలుసని. కాసేపు తల పట్టుకుని, "మరి ఆ అబ్బాయేమన్నాడే" అంది. ఉత్తరం రాస్తున్నానన్నాను. మీ అమ్మగారికి ఫోన్ చేసి నిజం చెప్పే పూచీ ఆవిడకే వదిలేశాను. పెళ్ళిలో నేను ఈ కళ్ళద్దాలతోనే కూర్చుంటాను. అరుంధతి నక్షత్రం కనబడితే కనబడిందంటాను, లేకపోతే లేదంటాను. పురోహితుడికి ముందే చెప్పి ఉంచండి.

ఇంకొక్క సంగతి. మచ్చ అంచున, దవడ ఎముక కింద, ఒక వరస గడ్డం గీయకుండా మిగిలిపోయింది. ఈ ఒక్క రోజుది కాదు, చాలా రోజులుగా పెరిగినట్టుంది. గడ్డం గీసుకునేటప్పుడు మీరు అద్దంలో ఆ వైపు చూసుకోరనుకుంటాను. ఇంతవరకూ మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. పెళ్ళయ్యాక రోజూ పొద్దున్నే చూసి నేను చెబుతాను.

మీ
వీణ